తప్పు అవ్వదా, యంత్రానిదా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఇలాంటప్పుడు కంప్యూటర్ల గురించి మాట్లాడతానంటే, "పదో తరగతితో చదువు ఆపేసినదానివి, నీకెందుకమ్మా ఈ గోల? మాకెందుకు?" అని మీరు అనుకోవచ్చు. నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. మా అత్తగారు అడిగిన ఒక్క ప్రశ్న నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసింది.

మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. బడి గడప తొక్కలేదు. సంతకం చేయమంటే వేలిముద్రే. అయితేనేం, చీటీల లెక్కంతా నోటితోనే వేస్తారు. ఏ చుట్టం ఎవరికి ఏమవుతారో మూడు తరాల వరకు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. పోయిన సంక్రాంతికి మా మరిది ఆవిడకొక సెల్‌ఫోను కొనిచ్చాడు. చదవడం రాదు కదా, మా అబ్బాయి పక్కన కూర్చుని, "అవ్వా, ఈ మైకు బొమ్మ నొక్కి మాట్లాడు. నువ్వు చెప్పేది అదే వింటుంది" అని నేర్పాడు. ఆవిడ ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఎంతో మర్యాదగా, "ఏమప్పా, పొద్దుగుంకినాక తిరుచానూరు బస్సు యాడ నిలబడతాది?" అని అడిగారు.

ఫోను ఏదో రాసింది. అది బస్సూ కాదు, తిరుచానూరూ కాదు. మావాడు పకపకా నవ్వి, "అవ్వా, పుస్తకంలో ఉన్నట్టు సరిగ్గా మాట్లాడు" అన్నాడు. ఆవిడకు ఎక్కడలేని రోషం వచ్చింది.

"డెబ్బై ఏండ్లుగా మాట్లాడతా ఉండా. నా మాట మీకందరికీ తెలస్తా ఉండాది. దానికి తెలీకుంటే తప్పు నాదా, దానిదా?"

చూశారా, ఎంత మాట అడిగారో! ఈ సంగతి మా అమ్మాయితో చెబితే అది నవ్వలేదు. "అమ్మా, అవ్వ అడిగిన చిక్కును విప్పడానికే ఒకాయన జీవితమంతా పనిచేశాడు. ఆయనది ఎక్కడో కాదు, మన చిత్తూరు జిల్లానే" అంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే ఆయన కథ చదివి వినిపించింది. అందులో నాకు అర్థమైనంత మీ ముందు పెడతాను.

ఆయన పేరు డబ్బాల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచానికంతా రాజ్ రెడ్డి. 1937 జూన్ 13న, మద్రాసు రాజధానిలో ఉన్న అప్పటి చిత్తూరు జిల్లాలో, కాటూరు అనే పల్లెలో పుట్టారు. తండ్రి శ్రీనివాసులు రెడ్డి వ్యవసాయదారు. తల్లి పిచ్చమ్మ మనలాంటి గృహిణి. ఊళ్ళో కరెంటు లేదు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకుని చదువు మొదలుపెట్టారు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే.

మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో 1958లో పట్టా పుచ్చుకున్నారు. ఏ ఇంజనీరింగు అనుకున్నారు? కంప్యూటర్లు కాదు, సివిల్. కట్టడాలూ వంతెనలూ కట్టే చదువు. అక్కణ్ణించి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1960లో ఎం.టెక్. చేశారు. కంప్యూటరుతో పరిచయం ఆ దేశంలోనే. అప్పుడక్కడున్న యంత్రం వాల్వులతో నడిచేది. మన తాతల ఇళ్ళలో పెద్ద రేడియో పెట్టెలు ఉండేవి, జ్ఞాపకం ఉందా? స్విచ్చి వేశాక లోపల ఎర్రగా వెలిగి, వేడెక్కితేగాని పాట పలికేవి కావు. అలాంటి వాల్వులు వందలకు వందలు పేర్చిన యంత్రమన్నమాట. తరువాత మూడేళ్ళు సిడ్నీలో ఐ.బి.ఎం. కంపెనీలో ఉద్యోగం. కుదురైన ఉద్యోగం వదిలి మళ్ళీ విద్యార్థిగా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ గురువు జాన్ మెకార్తీ. ఇవాళ అందరి నోటా నలుగుతున్న 'కృత్రిమ మేధ' ఉందే, ఇంగ్లీషులో దానికి ఆ పేరు పెట్టినవాడు ఆయనే. 1966లో రాజ్ రెడ్డిగారికి డాక్టరేటు వచ్చింది. ఆయన చేపట్టిన పని, మనిషి మాట యంత్రానికి వినిపించడం.

వినడం కూడా ఒక పనేనా అంటారేమో. చెవులున్నాక వినపడదూ అనుకుంటాం. కాస్త నిదానించి చూడండి.

మీరు వంటింట్లో ఉన్నారు. ఒక పక్క కుక్కరు కూత, ఒక పక్క మిక్సీ రొద. ముందు గదిలోంచి మీవారు ఏదో కేకేశారు. మీకు వినబడింది "...ళ్ళు తీసుకురా" అని మాత్రమే. అది నీళ్ళా, పళ్ళా? ఆయన అప్పుడే ఎండలోంచి వచ్చారనుకోండి, మీరు నీళ్ళు తీసుకెళతారు. పూజకు కూర్చుని ఉంటే పళ్ళు తీసుకెళతారు. చెవి విన్నది సగమే. మిగతా సగం మీకు ఇల్లు తెలుసు, మనిషి తెలుసు, వేళ తెలుసు గనక మీ మనసు పూరించింది. మనం రోజూ చేసే ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. యంత్రానికి ఇదంతా ఒక్కొక్కటిగా నేర్పాలి.

ఇంకో చిక్కు. రాసేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదులుతాం. మాట్లాడేటప్పుడు వదలం. "మాయమ్మొచ్చింది" అంటాం. వచ్చింది మా అమ్మా, లేక మాయ చేసే అమ్మా? మనకు అనుమానమే రాదు. యంత్రానికి వస్తుంది. మైకు మన గొంతులోని కంపనాన్ని కరెంటుగా మారుస్తుంది. కంప్యూటరు దాన్ని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా పెట్టుకుంటుంది. దాని చేతిలో ఉన్నది ఆ అంకెల గుట్టే. ఆ గుట్టలో అమ్మ ఎక్కడుందో వెతికి పట్టుకోవాలి. పైగా జలుబు చేసిన గొంతు వేరు, చంటిపిల్ల గొంతు వేరు, పళ్ళూడిన అవ్వ గొంతు వేరు.

1969లో రాజ్ రెడ్డిగారు పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారారు. 1973 నాటికి ఆయనా, ఆయన జట్టూ ఒక యంత్ర పద్ధతిని తయారుచేసి చూపించారు. పేరు 'హియర్‌సే'. మన భాషలో 'విన్న మాట' అనుకోవచ్చు. చదరంగం ఎత్తులు నోటితో చెబితే అది విని ఆడేది. చదరంగమే ఎందుకు? ఆ ఆటలో ఏ క్షణాన ఏ ఎత్తు వేయడానికి వీలుందో యంత్రానికి తెలుసు. సగం మాటే అర్థమైనా, ఆట నడుస్తున్న తీరునుబట్టి మిగతాది ఊహించుకుంటుంది. ఎండలోంచి వచ్చిన మనిషికి మీరు నీళ్ళు తీసుకెళ్ళినట్టే!

దాని తరువాత వచ్చిన హియర్‌సేలో ఇంకో మంచి ఉపాయం పెట్టారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు బ్లాక్‌బోర్డు. నాకైతే మా వంటింటి గోడమీది క్యాలెండరు గుర్తొచ్చింది. పాలవాడు రాని రోజులు నేను రాస్తాను. గ్యాసు బుక్ చేసిన తేదీ మావారు రాస్తారు. పరీక్షల తేదీలు పిల్లలు రాస్తారు. ఏకాదశి ఎప్పుడో అత్తగారు చెబితే అమ్మాయి గుండ్రంగా గీత చుడుతుంది. ఎవరికి తెలిసింది వాళ్ళు అందులో పెడతారు, మిగతావాళ్ళు పెట్టింది చూసుకుంటారు. చివరికి అందరం దాన్ని చూసి "ఈ శుక్రవారం ఊరికి పోవడం కుదరదు" అని తేల్చుకుంటాం. ఆ యంత్రంలోనూ అంతే. శబ్దాలు తెలిసిన భాగం ఒకటి, మాటలు తెలిసింది ఒకటి, వాక్యాల పొందిక తెలిసింది ఒకటి. అన్నీ ఒకే నల్లబల్ల మీద తమ ఊహలు రాసుకుంటూ, ఒకదాన్నొకటి దిద్దుకుంటూ చివరికి ఒక వాక్యం తేలుస్తాయి. ఒక్కరికే అంతా తెలిసి ఉండనక్కర్లేదు. కలిసి రాసుకునే గోడ ఒకటి ఉండాలి.

1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ ఒక పందెంలాంటి లక్ష్యం పెట్టింది. అయిదేళ్ళలో వెయ్యి మాటలు అర్థం చేసుకునే యంత్ర పద్ధతి కావాలి, తప్పులు నూటికి పదికి మించకూడదు అని. 1976లో రాజ్ రెడ్డిగారి విద్యార్థి బ్రూస్ లోవెర్ తయారుచేసిన 'హార్పీ' 1,011 మాటలతో ఆ లక్ష్యాన్ని అందుకుంది.

హార్పీ వెతికే తీరు వింటే మీకు నవ్వొస్తుంది. మనం పెళ్ళి సంబంధాలు చూస్తాం కదా. ముందు ముప్పై నలభై వస్తాయి. అన్నింటి వెంటా తిరగలేం. అలాగని మొదటిరోజే ఒక్కటి పట్టుకుని మిగతావన్నీ వదిలేస్తే, రేపు జాతకం కుదరకపోతే గతేమిటి? అందుకని బాగున్నవి ఓ నాలుగైదు చేతిలో ఉంచుకుంటాం. జాతకాలు చూశాక అందులో బాగున్నవి, విచారించాక ఇంకా బాగున్నవి, ఇలా వడపోసుకుంటూ వస్తాం. హార్పీ కూడా ప్రతి శబ్దం దగ్గరా 'ఇది ఫలానా మాట అయివుండవచ్చు' అనే దారులు బాగున్నవి కొన్ని ఉంచుకుని, తక్కినవి వదిలేస్తూ పోతుంది. మన అమ్మమ్మలకు తెలిసిన ఉపాయమే, అంత పెద్ద యంత్రానికీ అక్కరకొచ్చింది.

ఇంజనీరుగా ఆయన చేసింది ఒక ఎత్తయితే, పంతులుగా చేసింది ఇంకో ఎత్తు. ఆయన దగ్గర చదివిన జేమ్స్ బేకర్ 'డ్రాగన్' అనే వేరే పద్ధతి పట్టుకున్నాడు. శబ్దాల వెనుక ఏ మాట ఉండే అవకాశం ఎంత అని లెక్కలు కట్టే పద్ధతి అది. భార్య జానెట్ బేకర్‌తో కలిసి 1982లో కంపెనీ పెట్టాడు. మామూలు మనుషులు ఆగకుండా మాట్లాడుతుంటే కంప్యూటరు రాసిపెట్టే సరుకును ఆ ఇల్లాలూ మగడూ 1997లో బజారుకు తెచ్చారు. ఇంకో శిష్యుడు కై-ఫూ లీ. ఫలానా మనిషి గొంతుకు ముందుగా అలవాటుపడనక్కర్లేకుండా ఎవరి మాటైనా వినే 'స్ఫింక్స్' పద్ధతిని 1988లో చేసి చూపించాడు. ఒకే గురువు చెట్టునీడన హియర్‌సే ఒక దారి, హార్పీ ఒక దారి, డ్రాగన్ ఒక దారి. నా దారే పట్టమని శిష్యులను కట్టిపడేయలేదన్నది ఇక్కడే తెలుస్తోంది. పిల్లల్ని పెంచే మనం కూడా ఈ ముక్క కొంగున ముడివేసుకోదగ్గదే.

1979లో కార్నెగీ మెలన్‌లో మరమనుషుల పరిశోధనకు రోబోటిక్స్ సంస్థ మొదలైతే దాని మొట్టమొదటి డైరెక్టరు ఆయనే. పన్నెండేళ్ళు నడిపారు. 1991 నుంచి 1999 దాకా అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగానికంతా డీన్‌గా ఉన్నారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ఆయనకు ట్యూరింగ్ బహుమతి వచ్చింది. కంప్యూటర్ల రంగంలో అది నోబెల్ బహుమతిలాంటిది. ఆసియా ఖండంనుంచి దాన్ని అందుకున్న తొలి మనిషి ఆయనే. 2001లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది.

బహుమతుల పట్టీ ఇక్కడితో ఆపుతాను. మా అత్తగారి ప్రశ్నకు జవాబు ఆ పట్టీలో లేదు. ఆయన ఈ విద్యను ఎవరికోసం అనుకున్నారన్న దాంట్లో ఉంది.

1980ల మొదట్లో పారిస్‌లో ఒక సంస్థ పెట్టారు. పేద దేశాల మనుషులకు కంప్యూటరు ఎలా పనికొస్తుందో చూడడం దాని పని. రాజ్ రెడ్డిగారు అందులో ముఖ్య శాస్త్రజ్ఞుడు. ఫ్రాన్స్ ప్రభుత్వం 1984లో ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ గౌరవం ఇచ్చింది. 2004లో ఇంకో ప్రయత్నం చేశారు. కంప్యూటరు, టీవీ, టెలిఫోను మూడూ ఒకే పెట్టెలో. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా టీవీ రిమోటుతోనే నడుపుకోవాలి. ఆ పెట్టె ఇంటింటికీ రాలేదు. కాని, చదువురాని మనిషే ఆ యంత్రానికి యజమాని కావాలన్న ఆలోచన చూడండి, అది నాకు నచ్చింది. సామాన్యంగా యంత్రం కొన్నాక దానికి తగ్గట్టు మనం మారతాం. ఇంగ్లీషు నేర్చుకోవాలి, టైపు నేర్చుకోవాలి, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలి. ఈయన పని అందుకు తలకిందులు. మనిషికి తగ్గట్టు యంత్రమే నేర్చుకోవాలి. అంటే మా అత్తగారి తప్పు లేదన్నమాట! ఈ మాట ఆవిడకు చెబితే, "నేను ముందే అనలా?" అన్నారు.

మరి ఇన్నేళ్ళైనా ఆవిడ మాట ఫోనుకు ఎందుకు అర్థం కాలేదు? కారణం పెద్ద బ్రహ్మవిద్య కాదు. యంత్రం ఎవరి మాటలు ఎక్కువ వింటే వాళ్ళ మాట బాగా నేర్చుకుంటుంది. ఇంగ్లీషు బోలెడంత విన్నది. పత్రికల తెలుగు, వార్తల తెలుగు కొంత విన్నది. "యాడ నిలబడతాది", "పొద్దుగుంకినాక" అనే మన చిత్తూరు అవ్వల తెలుగు దానికెవరు వినిపించారు? పసిపిల్లకు ఇంట్లో ఏ మాటలు వినబడితే ఆ మాటలే వస్తాయి. యంత్రమూ అంతే.

ఇక్కడొక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. వినడం నేర్చిన యంత్రం పలకడమూ నేర్చింది. మన పిల్లల గొంతుతోనే "అమ్మా, ఆపదలో ఉన్నాను, డబ్బు పంపు" అని మోసగాళ్ళు మాట్లాడించగలుగుతున్నారు. అలాంటి ఫోను వస్తే కంగారుపడకండి. ఫోను పెట్టేసి, బిడ్డ నంబరుకు మీరే తిరిగి చేయండి. బ్యాంకు రహస్య నంబర్లు మనిషికైనా, మైకుకైనా చెప్పకండి.

ఇక చివరగా మా ఇంటి సంగతి. రాజ్ రెడ్డిగారు హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పాలక మండలికి అధ్యక్షుడుగా పనిచేశారు. 2008లో పల్లెల పిల్లల కోసం రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాని వెనుక కూడా ఆయన ఆలోచన ఉంది. దానికి ఛాన్సలర్‌గా కూడా ఉన్నారు. నూజివీడు, ఇడుపులపాయ, బాసర అని మూడుచోట్ల మొదలైంది. పదో తరగతి మార్కులతోనే చేర్చుకుంటారు. ఆరేళ్ళు అక్కడే ఉండి ఇంజనీరై బయటికి రావచ్చు. ఇసుకలో అక్షరాలు దిద్దిన మనిషి, తనలాంటి పిల్లలకోసం తలుపు తీయించాడన్నమాట.

మా అమ్మాయి ఈ ఏడే పదో తరగతి ప్యాసయింది. చదివింది ప్రభుత్వ బడిలో. ఇడుపులపాయకు దరఖాస్తు పెడతానంది. ఇంట్లో పెద్ద చర్చ లేచింది. "ఆడపిల్లని ఆరేళ్ళు హాస్టల్లోనా? ఇక్కడ తిరుపతిలో కాలేజీలు లేవా?" అంది మా వదిన. నాకూ గుండె గుబగుబలాడింది. నేను పది ప్యాసైన ఏడు, కాలేజీ పక్క ఊళ్ళో ఉందని మా నాయన వద్దన్నాడు. ఆయనకు నామీద ప్రేమ లేక కాదు, భయం. మా అమ్మ తలుపు చాటున నిలబడి ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇప్పుడు తలుపు దగ్గర నిలబడింది నేను. ఏమనాలో తోచలేదు.

నోరు విప్పింది మా అత్తగారే. "పోనీండమ్మా. నా మాట దానికి తెలీదంటిరి కదా. మన మాట తెలిసిన పిల్ల పోకపోతే దానికి ఎవరు నేర్పుతారు?" అన్నారు. ఎవరూ బదులు చెప్పలేకపోయారు.

దరఖాస్తు పెట్టాం. సీటు వస్తుందో రాదో తెలియదు. వస్తే పంపాలని మావారూ నేనూ నిర్ణయించుకున్నాం. భయం పోయిందని మాత్రం చెప్పను. సూట్‌కేసు సర్దే రోజున కళ్ళనీళ్ళు పెట్టుకుంటానేమో కూడా. అయినా ఈసారి తలుపు చాటున నిలబడను.

మీ ఇంట్లోనూ పది ప్యాసైన పిల్ల ఉంటే, ఒక్కసారి కూర్చోబెట్టుకుని తనకేం కావాలో వినండి. సగం మాటే చెప్పినా మిగతా సగం మీకు అర్థమవుతుంది. వినడంలో మనకున్న అనుభవం ఏ యంత్రానికుంది చెప్పండి?